సినిమా చెట్టు కిందికి ఇప్పుడెందుకు?

కొవ్వూరు. గోదారి గట్టుకి నాలుగు వీధుల ఇవతల ఓ పెంకుటిల్లు. కార్తీకమాసం, ఆదివారం, భోజనాలయ్యాయి. అరుగు మీద పడక్కుర్చీలో మామయ్య. పాతికేళ్ళు సినిమా ఔట్‌డోర్లకి ప్రొడక్షన్ పనులు చూసినాయన. బసలు, పడవలు, క్యారియర్లు, జనాన్ని ఆపే తాడు, అన్నీ ఆయన చేతిమీదుగానే నడిచేవి. మెట్టు మీద హైదరాబాద్ నుంచి వచ్చిన మేనకోడలు. మూడు రోజుల సెలవు. ఫోనులో ఓ జాబితా: కుమారదేవం చెట్టు, పాపికొండలు, మారేడుమిల్లి. సినిమాలు తీసిన చోట్లు చూడాలని వచ్చింది. ఆ జాబితా చదివి వినిపించడంతోనే మొదలైంది.

మామయ్య: మొదటిదే కొట్టెయ్యవే. ఆ చెట్టు 2024 ఆగస్టులో పడిపోయింది. నూటయాభై ఏళ్ళనాటి నిద్రగన్నేరు, గోదారి వరదలకి గట్టు నాని ఒరిగిపోయింది. పడిపోయిన చెట్టు చూడ్డానికి హైదరాబాద్ నుంచి టిక్కెట్టు పెట్టుకు రావాలా?

అమ్మాయి: పడిపోయింది గాని చచ్చిపోలేదు మామయ్యా. రాజమండ్రి రోటరీ వాళ్ళు మొదలుకి మందులు పట్టించారు, మళ్ళీ చిగుళ్ళొచ్చాయి. ఆ చిగుళ్ళే చూద్దామని.

మామయ్య: చిగుళ్ళే కావాలంటే మన పెరట్లో మునగచెట్టుంది. మొన్ననే కొట్టించాను, మహా జోరుగా వేస్తోంది.

అమ్మాయి: ఆ మునగ కింద ఎవరూ ‘సీతారామయ్యగారి మనవరాలు’ తియ్యలేదుగా! కుమారదేవం చెట్టు కింద మూడొందల పైచిలుకు సినిమాలు తీశారని చెప్తారు. వంశీ గారైతే ఎన్ని తీశారో. మన ఇళ్ళలో చిన్నప్పట్నుంచీ టీవీలో కనిపించిన చెట్టది. మా తాతని ఎన్నిసార్లు చూశానో దాన్నీ అన్నిసార్లు చూశాను. తాత పోతే రాలేదా మరి?

మామయ్య: తాత ఉన్నాడు గనక పోయాడు. నువ్వు చూసిన చెట్టు కుమారదేవంలో ఎప్పుడూ లేదు. అదీ నేననేది.

అమ్మాయి: ఇదేం వేదాంతం?

మామయ్య: వేదాంతం కాదు, నా ఉద్యోగం. విను. లాంగ్ షాట్ ఇక్కడ తీసేవాళ్ళం. హీరోయిన్ కంటనీరు పెట్టుకునే క్లోజప్ మద్రాసులో, ఫ్లోరులో. వెనకాల రెండు కొమ్మలు కట్టి పట్టుకునేవాళ్ళు, అంతే. పిట్టల కూతలు రికార్డింగ్ థియేటర్లో కలిపేవాళ్ళు. వెన్నెల రాత్రి అనుకుంటావ్ చూడు, అది మిట్టమధ్యాహ్నం, లెన్సుకి ఫిల్టరు పెట్టి తీసిన వెన్నెల. ఇంటి గోడకి రంగు వేయిస్తే కెమెరాకి కనిపించే గోడకే వేయించేవాణ్ణి. పక్కగోడకి పిడకలు కొట్టుండేవి. ఇవన్నీ అతికించి నీ మనసులో ఓ ఊరు కట్టాం. ఆ ఊరికి బస్సు లేదు.

అమ్మాయి: ‘దేవత’లో బిందెల పాట కూడా అబద్ధమేనా? ఇసుక మీద వరసగా పేర్చిన బిందెలు, వెనకాల గోదారి. అది ఏ ఫ్లోరులో పడుతుంది?

మామయ్య: అది నిజమే. 1982 నాటి నిజం. కాని ఆ ఇసుక ఏదీ? గోదారి ఏటా వరదకి ఓ తిప్పని తినేసి ఇంకోచోట పోస్తుంది. ఈ నలభై ఏళ్ళలో ఆ ఇసుక రేణువు ఏ సముద్రంలో ఉందో. సినిమా తీసిన చోటు అని నువ్వు వేలు పెట్టి చూపిస్తావే, అక్కడ గోదారి తప్ప మిగిలింది ఏదీ పాతది కాదు. ఆ గోదారైనా నిన్నటి నీళ్ళు కాదు. ‘ఒక్కడు’ చూసి పాతబస్తీకి పోయి మహేశ్‌బాబు ఎక్కిన మెట్లు వెతికినవాళ్ళున్నారు. ఆ చార్మినార్ గోపన్నపల్లిలో వేసిన సెట్టు. షూటింగయ్యాక చెక్కలు చెక్కలుగా విప్పేశారు.

అమ్మాయి: సరే. మరి భద్రాచలం వెళ్ళినప్పుడల్లా పర్ణశాలకి ఎందుకు వెళ్తాం? ముప్పైఅయిదు కిలోమీటర్లు పనిగట్టుకుని వెళ్ళి, సీతమ్మ చీరలారేసిన బండ అని చూపిస్తే, ఆ రంగు మరకలు చూసి దణ్ణం పెట్టుకుంటాం. నాసిక్ వాళ్ళు పంచవటి మాదేనంటారు. ఎవరిది నిజం అని నువ్వెప్పుడైనా ఆధారాలు అడిగావా? కథ జరిగిన చోట నిలబడాలనిపించడం సినిమావాళ్ళు నేర్పిన బుద్ధి కాదు మామయ్యా. అది మన తాతల నుంచీ ఉంది. యాత్ర అంటే ఏమిటి మరి?

మామయ్య: బాగా పట్టుకున్నావ్, ఒప్పుకుంటాను. కాని ఒక తేడా చూడు. పర్ణశాలకెళ్ళేవాడు తల వంచుకుని వెళ్తాడు. లొకేషన్‌కెళ్ళేవాడు చెయ్యెత్తి వెళ్తాడు, ఆ చేతిలో ఫోనుంటుంది. ఒకడు చోటుకి తన్ని తాను చూపించుకుంటాడు, ఇంకొకడు చోటుని తన వెనకాల నిలబెట్టుకుంటాడు. కర్నూలు వెళ్ళి చూడు. కొండారెడ్డి బురుజు ముందు ఎంతమంది కాలరెగరేసి ఫొటో దిగుతారో! ఆ కొండారెడ్డి ఎవరని ఒక్కడడుగుతాడా? అలంపురాన్ని ఏలినవాణ్ణి పట్టుకొచ్చి అందులో బంధించారని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. చెరసాలది. మన ‘ఒక్కడు’ దాన్ని ఫైటు జరిగిన సెంటరు చేసేసింది.

అమ్మాయి: ఆ ఫైటు లేకపోతే శ్రీకాకుళం కుర్రాడికి కర్నూల్లో ఒక బురుజుందని తెలిసేదా? వందమంది ఫొటో కోసం వస్తే పదిమంది ఆ పేరెవరిదని అడుగుతారు. నేనే అడిగాను. నాకు కొండారెడ్డి తెలిసింది మహేశ్‌బాబు వల్లే.

మామయ్య: ఆ మిగతా తొంభైమంది సంగతో? థాయిలాండ్‌లో మాయా బే అని ఓ సముద్రపు మూల ఉంది. 2000లో ‘ది బీచ్’ సినిమా వచ్చింది. ఆ తర్వాత రోజుకి అయిదువేలమంది దాకా దిగారు. పడవల లంగర్లకి, జనం తొక్కిడికి పగడపు దిబ్బలు పాడైపోయాయి. 2018లో మూసేశారు, మూడేళ్ళకి పైగా. మనదేశంలోనే చూడు, ‘త్రీ ఇడియట్స్’లో లదాఖ్ బడి చూపించారు, షే ఊళ్ళో. ఆ సినిమాలో ఒక గోడుంది కదా, అది చూడ్డానికి బడివేళల్లో జనం ఎగబడ్డారు. చదువు సాగక, చెత్త ఎత్తలేక, 2018లో ఆ గోడనే అక్కణ్ణుంచి మార్పించాలని బడివాళ్ళు నిర్ణయించారు. పిల్లలకి బట్టీ చదువులొద్దని చెప్పిన సినిమా, ఆ పిల్లలకి అసలు చదువే లేకుండా చేసింది!

అమ్మాయి: మాయా బే కథ సగమే చెప్పావు. 2022లో మళ్ళీ తెరిచారు. లెక్కపెట్టి జనాన్ని పంపిస్తున్నారు, పడవల్ని లోపలికి రానివ్వడం లేదు. మూసిన ఆ కాలంలో చిన్న సొరచేపలు తిరిగొచ్చాయి. స్విట్జర్లాండ్‌లో ఇజెల్ట్‌వాల్డ్ అని చెరువొడ్డు పల్లె ఉంది. ఒక కొరియా సీరియల్‌లో హీరో అక్కడి రేవు చివర పియానో వాయిస్తాడు. జనం విరగబడితే ఊరివాళ్ళు ఏడుస్తూ కూర్చోలేదు. రేవు మీదికెక్కాలంటే 5 ఫ్రాంకులని గేటు పెట్టారు. ‘షోలే’ తీసిన రామనగరం కొండల్నే చూడు, 2012లో అక్కడ రాబందుల అభయారణ్యం అన్నారు. గబ్బర్ కూర్చున్న బండల మీద ఇప్పుడు పక్షులకి హక్కు. ఊరికి తెలివుంటే సినిమా ఏమీ చెయ్యలేదు.

మామయ్య: గేటు పెట్టుకునే ఊరికి సరే. మారేడుమిల్లి కొండరెడ్ల గూడేనికి గేటెవరు పెడతారు? ‘పుష్ప’ అక్కడ తీశారని వారాంతం వచ్చేసరికి కార్లే కార్లు. పైగా అందులో ఇంకో మాయ చూడు. కథేమో శేషాచలంలో, ఎర్రచందనం మీద. తీసింది మారేడుమిల్లి అడవిలో. అక్కడ సహజంగా ఎర్రచందనం మొక్కే ఉండదు. చిత్తూరు యాస మాట్లాడే అడవిని చూడ్డానికి మారేడుమిల్లి కొండలెక్కుతారు, పాపం.

అమ్మాయి: ఎక్కనీ. బొంగు చికెన్ అమ్ముకునేవాళ్ళకి నాలుగు డబ్బులొస్తాయి.

మామయ్య: ఎవరికొస్తాయో కనుక్కున్నావా? ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనకూడదని చట్టముంది. మరి నువ్వు అక్కడ దిగబోయే కాటేజీ ఎవరిది? అడిగావా బుక్ చేసేటప్పుడు?

అమ్మాయి: అడగలేదు. అడుగుతాను.

మామయ్య: అడుగు. ఆ ఒక్క ప్రశ్న నీ ప్రయాణానికి టిక్కెట్టు కంటే ముఖ్యం.

అమ్మాయి: అయినా నువ్వు ఒక సంగతి వదిలేస్తున్నావు. ‘నాటు నాటు’ ఎక్కడ తీశారు? కీవ్‌లో, మరీన్‌స్కీ ప్యాలెస్ ముందు. 2021 ఆగస్టులో. సినిమా మన ఊళ్ళో విడుదలయ్యేసరికి, 2022 మార్చికి, ఆ నగరం మీద బాంబులు పడుతున్నాయి. ఆ పాట చూసిన ప్రతిసారీ నాకు ఆ నీలం గోడల మేడ క్షేమంగా ఉందా అనిపిస్తుంది. మనవాళ్ళు నిలబడిన చోటు మనకి కొంచెం సొంతమవుతుంది. ఆ బంధం మంచిది కాదంటావా?

మామయ్య: మంచిదే. కాని అమ్మడూ, నువ్వు కీవ్ వెళ్ళలేదు. వెళ్ళకుండానే ఆ బెంగ పడ్డావ్. నా వాదన నువ్వే గెలిపించావు. సినిమా ఇచ్చే బంధానికి కాళ్ళు అక్కర్లేదు.

అమ్మాయి: అబ్బ! సరే, ఇది నీకే. మరి పాపికొండలు? ‘అందాల రాముడు’ 1973లో. రాజమండ్రి నుంచి భద్రాచలం దాకా లాంచీ ప్రయాణమే కథంతా. 2006లో ‘గోదావరి’ మళ్ళీ అదే దారి. ఆ రెండు సినిమాలూ అమ్మ నాకు చూపించింది. ఇప్పుడు పోలవరం కడుతుంటే, దేవీపట్నం వైపు ఎన్ని ఊళ్ళు ఖాళీ అయ్యాయి! గండిపోచమ్మ గుడి వరదొస్తే నీళ్ళలోనే. అంటే ఆ సినిమాల్లో వెనకాల జారిపోయే ఒడ్డు ఇంక ఉండదు. ఇప్పుడు చూడకపోతే ఎప్పుడు చూడను?

(మామయ్య కాసేపు మాట్లాడలేదు.)

మామయ్య: దేవీపట్నం రేవులో నేను పదిహేను రోజులు పడుకున్నాను. ఓ షెడ్యూల్లో. ఆ రేవులో కొబ్బరిచెట్లు ఎన్నో ఇప్పటికీ చెప్పగలను... ఆ మాట వదిలెయ్. నీళ్ళ మీద వెళ్ళడం వద్దు. 2019 సెప్టెంబర్ 15. కచ్చులూరు దగ్గర బోటు మునిగింది. డెబ్బైమందికి పైగా ఎక్కారు, సగం పైన తిరిగి రాలేదు. వాళ్ళూ పాపికొండలు చూడ్డానికే వెళ్ళారే. ఆదివారమే అది కూడా.

అమ్మాయి: దానికి నా దగ్గర జవాబు లేదు.

మామయ్య: జవాబు కోసం అనలేదు. అందమైన చోటని సినిమా చెప్తుంది. అక్కడ సుడి ఉందని చెప్పదు. సరంగుకి తెలుసు, ఒడ్డున వలేసేవాడికి తెలుసు. నువ్వు సినిమా మాట విని వెళ్తావు, వాళ్ళ మాట వినవు. అదే నా భయం.

(అత్తయ్య కాఫీ గ్లాసులు పట్టుకొచ్చి అరుగు మీద పెట్టింది.)

అత్తయ్య: ఏంటి, ఇందాకట్నుంచీ సినిమాలన్నీ అబద్ధాలంటున్నారు మీ మామయ్య? ఓ సినిమాలో రేవులో బిందె ముంచే ఆడవాళ్ళుంటారు, పాట మొదట్లో. ఎడంపక్క చివర ఉన్నది మా అమ్మ. ఈయనే తీసుకెళ్ళి నిలబెట్టారు, మనుషులు తక్కువయ్యారని. అమ్మది ఇంట్లో ఒక్క ఫొటో లేదు. ఆ సినిమా టీవీలో వేస్తే పనులాపుకుని కూర్చుంటాను. రెండు క్షణాలు. ఇటు తిరిగి ఒకసారి నవ్వుతుంది. తర్వాత హీరోయిన్ అడ్డొచ్చేస్తుంది.

(కాఫీ చల్లారిపోతుందని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.)

అమ్మాయి: ఇప్పుడు చెప్పు మామయ్యా. ఆ ఊరికి బస్సు లేదన్నావు. అత్తయ్య రోజూ వెళ్ళొస్తోంది.

మామయ్య: నేనూ అదే అడుగుతున్నాను. ఆ సినిమా తీసిన చోటు చూడ్డానికి వచ్చేవాళ్ళలో ఎడంపక్క చివర ఎవరు నిలబడ్డారని అడిగేవాడెవడు? హీరో ఎక్కడ నిలబడ్డాడంటారు, అక్కడే నిలబడతారు, అదే చెయ్యి అలాగే ఎత్తుతారు. వెళ్ళిపోతారు. మీ అత్తయ్య వాళ్ళ అమ్మ ఫ్రేము అంచున మిగిలిపోయింది. ఊళ్ళన్నీ అంతే. అంచున మిగిలినవే.

అమ్మాయి: అంటే నీ గొడవ వెళ్ళడం మీద కాదు. వెళ్ళి ఎటు చూస్తున్నారన్న దాని మీద.

మామయ్య: నీ లాయరు తెలివి నాకొద్దు.

అమ్మాయి: తెలివి కాదు. నేనొకటి చెప్తాను, తప్పయితే చెప్పు. వెళ్తాను. కెమెరా ఎక్కడ పెట్టారో ఎవర్నైనా అడిగి అక్కడ నిలబడతాను. ఒకసారి కళ్ళారా ఆ ఫ్రేము చూస్తాను, సినిమా మీద ప్రేమ కొద్దీ. తర్వాత వెనక్కి తిరుగుతాను. కెమెరాకి వీపు ఎటుందో అటు. అక్కడ ఉండేది ఊరే కదా? పంపుహౌసో, బడో, రేషను కొట్టో, షూటింగ్ చూడ్డానికి తాడవతల నిలబడ్డవాళ్ళ ఇళ్ళో. అక్కడ ఎవరితోనైనా కూర్చుని టీ తాగుతాను. సినిమా నన్ను ఊరి దాకా తీసుకొచ్చి దింపుతుంది. ఊళ్ళోకి నేనే నడవాలి.

మామయ్య: చాలా ముద్దుగా ఉంది. ఎంతమంది అలా చేస్తారు?

అమ్మాయి: ‘కేరాఫ్ కంచరపాలెం’ చూసి విశాఖలో కంచరపాలెం వెళ్ళినవాళ్ళు అదే చేశారు. అందులో నటించింది ఎక్కువమంది ఆ పేటవాళ్ళే. అక్కడ ఫ్రేముకి ముందూ వెనకా ఒకటే. హీరో ఏడీ అని అడిగితే పక్కింటాయన తలుపు తీస్తాడు. అలాంటి సినిమాలు వస్తున్నాయి మామయ్యా. చూసేవాళ్ళూ మారతారు.

(మామయ్య కాఫీ పూర్తిచేశాడు. గ్లాసు అరుగు అంచున పెట్టాడు.)

మామయ్య: సరే, నేనూ ఒకటి చెప్తాను. ఇందాకట్నుంచి చెప్పనిది. ఒక లంకలో పాట తీశాం. ఏ సినిమా అని అడక్కు. ట్రాలీ పట్టాలు వెయ్యడానికి ఓ రైతు అరటితోటలోంచి దారి కావాలి. మాట్లాడింది నేను. ఎకరానికి ఇంతని ఒప్పుకున్నాం. రెండు రోజులన్నది అయిదు రోజులయింది. గెలలు దిగే తోట, తొక్కి తొక్కి పీచు చేసేశాం. ప్యాకప్ అయ్యాక కంపెనీవాళ్ళు సగమే ఇచ్చారు. మిగతాది మద్రాసు వెళ్ళాక పంపుతామన్నారు. పంపలేదు. ఆయన రెండుసార్లు ఈ అరుగు దాకా వచ్చాడు. రెండోసారి నేను లోపల ఉండి లేనని చెప్పించాను.

అమ్మాయి: మామయ్యా...

మామయ్య: ఆ పాట ఇప్పటికీ బాగుంటుంది. అరటిచెట్ల మధ్యలోంచి పరిగెత్తుకొస్తారు, కెమెరా కూడా వెనక్కి వెనక్కి జరుగుతూ ఉంటుంది. ఎక్కడ తీశారండీ, చాలా అందంగా ఉందండీ అని నన్నడుగుతారు. గుర్తులేదంటాను. అందుకే నీ జాబితా వింటే నాకు మండింది. నువ్వక్కడికెళ్ళి, వెనక్కి తిరిగి, టీ తాగుతూ ఎవరితోనో మాట కలిపితే, ఆ మాటల్లో నా పేరు రావచ్చు.

అమ్మాయి: వస్తే ఏమంటాను? మా మామయ్యే అంటాను. ఇల్లు ఇదేనంటాను.

మామయ్య: అప్పటి ధరకి ఆ మిగిలిన సగం ఎంతో నాకు లెక్క తెలుసు. ఇప్పటి ధరకి ఎంతో తెలీదు.

అమ్మాయి: ఇదంతా విన్నాక కూడా చోటనేది లేదు, అంతా కెమెరా మాయ అంటావా? ఆ తోట ఉంది కదా?

మామయ్య: ఉంది. అదొక్కటే ఉంది. పాటే లేదు.

అమ్మాయి: అయితే మనిద్దరం ఓ ఒప్పందానికొద్దాం. పాపికొండల బోటు నేను వదిలేస్తాను. గండిపోచమ్మ దాకా రోడ్డున వెళ్ళి, ఒడ్డున నిలబడి చూసి, వలేసేవాళ్ళతో మాట్లాడి వస్తాను. మారేడుమిల్లిలో కాటేజీ ఎవరిదో కనుక్కునే దిగుతాను. దానికి బదులు, ఇవాళ నువ్వు నాతో కుమారదేవం రావాలి. లంక సంగతి రేపు చూద్దాం.

మామయ్య: రేపు సంగతి రేపు. కుమారదేవం ఎంత దూరం, ఆటోలో వెళ్ళొచ్చెయ్యొచ్చు. కాని నాలుగింటికల్లా బయల్దేరాలి. కార్తీకం పొద్దు, అయిదున్నరకి వెలుతురు పడిపోతుంది.

అమ్మాయి: ఏ వెలుతురు? అంతా ఫిల్టరే అన్నావు!

మామయ్య: నోర్ముయ్. ఇంకో సంగతి, నల్ల కళ్ళజోడు పెట్టుకో. మనది గోదారికి పడమటి ఒడ్డు. సాయంత్రం పొద్దు ఊరి వెనకాల దిగుతుంది. నువ్వన్నట్టు గోదారికి వీపు పెట్టి ఊరివైపు తిరిగితే ఎండ సూటిగా కళ్ళలోకే కొడుతుంది. అందుకే ఏ సాయంత్రమూ మేము అటు కెమెరా పెట్టలేదు. చెయ్యి అడ్డంపెట్టుకుంటేగాని ఏమీ కనపడదు.